బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టట్లేదా? బెంగళూరులోని కొత్త అమ్మల కోసం

కొత్తగా తల్లైనవాళ్లకు నిద్ర ఉండదని అందరికీ తెలుసు, ఎవరికి చెప్పుకున్నా "మూడు నెలలు ఓపిక పట్టమ్మా, అదే సర్దుకుంటుంది" అంటారు. కానీ ఇందులో రెండు వేరే వేరే సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, బిడ్డ రెండు గంటలకోసారి లేపుతుంటే నిద్ర చాలకపోవడం. వీళ్లకు ఎవరైనా బిడ్డను ఎత్తుకుంటే చాలు, దిండు మీద తల పెట్టగానే నిద్రపోతారు. రెండోది వేరు. పాప హాయిగా పడుకుంది, చూసుకోవడానికి మీ అమ్మ పక్క గదిలోనే ఉంది, మీకు ఒళ్లంతా హూనమైపోయి ఉంది, అయినా కళ్లు మూతపడవు, గుండె గట్టిగా కొట్టుకుంటుంది, "ఇంకో గంటలో మళ్లీ లేస్తుంది, ఈలోపు పడుకోవాలి" అని లెక్కలు వేసుకుంటూ ఆ గంటా అయిపోతుంది. ఇది నిద్రలేమి. దీన్ని "బాలింతలకు మామూలే" అని మీరు వదిలేయకండి, ఇంట్లోవాళ్లను కూడా అలా అననివ్వకండి, ఎందుకంటే దీనికి చేయగలిగినవి చాలా ఉన్నాయి, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంట్లోవాళ్లే.

నేను మారతహళ్లి వైపు ఉంటాను. ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లలో కాన్పు తర్వాత పరిస్థితి దాదాపు ఒకేలా ఉంటుంది. అమ్మ అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఒకట్రెండు నెలలు ఉంటుంది, తర్వాత అత్తగారు వస్తారు, వాళ్లూ వెళ్లాక ఇక ఇద్దరే. ఆయనకు రాత్రి పదిన్నర దాకా అమెరికావాళ్లతో కాల్స్. పుట్టింట్లో అయితే పిన్నో, పక్కింటి అత్తో కాసేపు బిడ్డను ఎత్తుకుపోయేవాళ్లు, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఆ వీలు లేదు. అందుకే ఇక్కడ నిద్రకు ప్లాన్ ఉండాలి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది తమను తామే తిట్టుకుంటున్నారు. కడుపుతో ఉన్నన్నాళ్లు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చాలా ఎక్కువగా ఉంటుంది, దాని నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడును శాంతపరుస్తుంది, మత్తుగా ఉంచుతుంది. కాన్పు అయిన కొద్ది రోజుల్లోనే అది ఒక్కసారిగా పడిపోతుంది. దానికి తోడు బిడ్డ చిన్న శబ్దం చేసినా లేచేలా మెదడు అప్రమత్తంగా ఉంటుంది. పుట్టిన బిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలీదు, ఆ గడియారం కుదురుకోవడానికి రెండు మూడు నెలలైనా పడుతుంది. ఇవన్నీ కలిసి వచ్చిన తిప్పలు ఇవి, మీ మనసు బలహీనంగా ఉండి వచ్చినవి కావు.

రోజుకు ఒక్క ముక్క, విరగకుండా

రోజు మొత్తంలో ఎన్ని గంటలు పడుకున్నామని లెక్కేసుకోవడం కంటే, నాలుగు గంటలైనా ఎవరూ లేపకుండా ఒకే ముక్కగా నిద్ర దొరుకుతుందా అన్నది చూడండి. నిద్ర ఒక్కో చక్రం సుమారు గంటన్నర ఉంటుంది, ముప్పావుగంట చొప్పున ఎన్నిసార్లు కునుకు తీసినా ఆ చక్రం పూర్తి కాదు. నాలుగు గంటల్లో రెండు చక్రాలు పూర్తయి ఇంకొంచెం మిగులుతుంది. ఈ ఒక్క పని సరిగ్గా కుదిరితే మిగతా చిట్కాలు సగం అక్కర్లేకుండా పోతాయి, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఎలా అంటే, మీరు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి బిడ్డకు పాలిచ్చి, అప్పుడే గది మారిపోండి. అదే గదిలో, అదే మంచం పక్కన ఉయ్యాల పెట్టుకుని "నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అంటే నిద్ర రాదు. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డ ఇంకొకరి డ్యూటీ. ఆ ఇంకొకరు మీ అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, మీ ఆయన కావచ్చు. ఆయనకు పదిన్నర దాకా కాల్స్ ఉంటే అప్పటిదాకా అమ్మ చూసుకుని, ఆ తర్వాత ఆయన తీసుకోవాలి. లేదంటే ఆయన తెల్లవారుజాము మూడు నుంచి ఏడు దాకా తీసుకోవచ్చు, మీ నిద్ర ముక్క ఆ టైమ్‌కి మార్చుకోండి. ఏది కుదిరితే అది, కానీ రోజూ అదే టైమ్ అయితే మంచిది, ఒంటికి అలవాటవుతుంది.

డ్యూటీ మారేటప్పుడు నోటితో చెప్పించుకోండి. "ఇప్పటి నుంచి ఒంటిగంట దాకా పాప నా బాధ్యత, అవసరమైతే నేనే లేపుతా" అని ఆయన గానీ అమ్మ గానీ గట్టిగా అనాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, కాపలా ఇంకా మీదేనని మెదడు అనుకున్నంత సేపూ నిద్ర పట్టదు, ఆ కాపలా ఇంకొకరు తీసుకున్నారని దానికి స్పష్టంగా తెలియాలి. ఆ టైమ్‌లో చెవుల్లో దూదో ఇయర్‌ప్లగ్సో పెట్టుకోవచ్చు, ఫ్యాన్ కొంచెం స్పీడు పెంచుకోవచ్చు. పసిపిల్లలు నిద్రలో మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కాళ్లు కొట్టుకుంటారు, వాళ్ల నిద్రలో దాదాపు సగం ఇలాగే కదులుతూ ఉండే నిద్ర. అది ఏడుపు కాదు. కానీ తల్లి చెవికి ప్రతి మూలుగూ ఏడుపులాగే వినిపిస్తుంది, కాబట్టి ఆ ముక్క నిద్రలో మీకు అది వినపడకుండా ఉండడమే మేలు.

మరి మధ్యలో పాలు? పంపుతో ముందే పిండి ఉంచిన మీ పాలు ఒకసారికి సరిపడా ఉంటే చాలు. తల్లిపాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో నాలుగు గంటల దాకా, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా బాగుంటాయి. బెంగళూరు రాత్రులు చాలా నెలలు చల్లగానే ఉంటాయి గానీ ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉగ్గుగిన్నెతోనో పాలడైతోనో పట్టొచ్చు, పెద్దవాళ్లకు అది బాగా తెలుసు. మొదటి మూడు నాలుగు వారాలు పాలు కుదురుకునే సమయం కాబట్టి మరీ ఎక్కువ గ్యాప్ ఇవ్వకండి, రొమ్ములు గట్టిపడి ఆ నొప్పికే మెలకువ వస్తుంది కూడా. పంపు వద్దనుకుంటే ఇంకో దారి, బిడ్డను మీ దగ్గరికి తెచ్చి, పాలు తాగాక వాళ్లే తీసుకెళ్లాలి. తేన్పు తీయించడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం ఏదీ మీరు చేయొద్దు, లైటు వేయొద్దు, మాటలొద్దు.

ఇంకో మాట. బిడ్డ పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చేసి (సాధారణంగా రెండు వారాలకల్లా వచ్చేస్తారు), బాగా పెరుగుతుంటే, రాత్రి అలారం పెట్టి లేపి మరీ పాలు పట్టాలా అని పిల్లల డాక్టర్‌ను అడగండి. చాలామందికి అక్కర్లేదనే చెప్తారు. ఆ అలారం ఒక్కటి తీసేసినా ఎంతో తేలిక.

"నాకు సాయానికి ఎవరూ లేరు, ఆయన కూడా ఊళ్లో లేరు" అనేవాళ్లకు ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. రాత్రి కుదరకపోతే పగలు పది నుంచి ఒంటిగంట దాకా ఒక మనిషిని పెట్టుకోండి, వంటకు కాదు, బిడ్డ కోసం. వంట ఆ నెల కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నా ఏం కాదు.

మంచం మీద పోట్లాట వద్దు

ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే లేచి కూర్చోండి. గడియారం చూసి లెక్కపెట్టొద్దు, ఉజ్జాయింపుగా చాలు. నిద్ర రాని మంచం మీద గంటల తరబడి దొర్లితే మెదడు ఆ మంచాన్ని టెన్షన్‌తో ముడిపెట్టుకుంటుంది, తర్వాత నిద్రొస్తున్నా మంచం ఎక్కగానే మెలకువ వచ్చేస్తుంది. సిజేరియన్ అయిన వాళ్లు దిగి ఇంకో గదికి నడవక్కర్లేదు, దిళ్లకు ఆనుకుని కూర్చుని, సన్నటి పసుపు లైట్‌లో బట్టలు మడత పెట్టడమో, ఎప్పుడో చదివేసిన పుస్తకం తిరగేయడమో చేయండి. కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోండి. ఫోన్ మాత్రం వద్దు. వెలుతురు ఒక కారణం, అంతకంటే పెద్ద కారణం, రాత్రి రెండింటికి ఫోన్ తీస్తే చేతులు నేరుగా "పాప ఎక్కువ నిద్రపోతే ప్రమాదమా" అని వెతుకుతాయి, అక్కడ చదివింది చదివాక ఇక ఎవరికైనా నిద్ర ఎలా వస్తుంది?

ఫీడింగ్ టైమ్‌లు, డైపర్ల లెక్కలు రాసుకునే యాప్ రాత్రిపూట ఆపేయండి. గోడ గడియారం కనపడకుండా తిప్పేయండి. సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట కూర్చుని బుర్రలో తిరుగుతున్నవన్నీ, టీకా డేట్ దగ్గర్నుంచి అత్తగారి రైలు టికెట్ దాకా, కాగితం మీద రాసేయండి, పక్కనే ఎవరు చేస్తారో కూడా రాయండి. రాత్రి అదే ఆలోచన వచ్చినప్పుడు అది కాగితం మీద ఉంది అనుకోవడం నిజంగా పనిచేస్తుంది.

పడుకున్నాక నిద్రపోవాలని ప్రయత్నించకండి. ఊపిరి లోపలికి నాలుగు లెక్కపెట్టేంత, బయటికి ఆరో ఏడో లెక్కపెట్టేంత, నెమ్మదిగా. లేదా కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగం వదులు చేసుకుంటూ రావడం, యోగనిద్రలో చేయించినట్టు. కళ్లు మూసుకుని ఊరికే పడుకున్నా ఒంటికి కొంత విశ్రాంతే. "ఈ రాత్రి పడుకోకపోతే రేపు అయిపోయాను" అన్న భయం తగ్గితే నిద్ర దానంతట అదే దగ్గరికొస్తుంది.

పగలు చేసే పనులు రాత్రికి లెక్కలోకొస్తాయి

పెద్దవాళ్లు బాలింతను గాలి తగలకుండా, తలకు గుడ్డ కట్టి, కిటికీలు మూసిన గదిలో ఉంచుతారు. వాళ్ల ప్రేమ అది, దాని మీద గొడవ పెట్టుకోకండి. కానీ పగలంతా చీకటి గదిలో ఉంటే ఒంటికి పగలేదో రాత్రేదో తెలియదు. తలకు స్కార్ఫ్, చెవుల్లో దూది అలాగే ఉంచుకుని పొద్దున ఏడు ఎనిమిది మధ్య బాల్కనీలో ఒక అరగంట కూర్చోండి, బిడ్డను కూడా ఒళ్లో పెట్టుకోండి. జులై, ఆగస్టులో ఇక్కడ ఎండ కనపడదు, అయినా మబ్బు పట్టిన ఆకాశం కింద కూడా ఇంట్లో ట్యూబ్‌లైట్ కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. సాయంత్రం ఏడు దాటాక దీనికి ఉల్టా, పెద్ద లైట్లు ఆపేసి చిన్నవి పెట్టుకోవాలి, రాత్రి పాలిచ్చేటప్పుడు కూడా సన్నటి లైటే. ఇది బిడ్డకు పగలూ రాత్రీ నేర్పడానికి కూడా పనికొస్తుంది.

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అన్న సలహా నిద్ర పట్టేవాళ్లకు మంచిదే. నిద్ర పట్టనివాళ్లకు అది రోజుకు ఆరుసార్లు ఓడిపోయినట్టు అనిపించేలా చేస్తుంది. మధ్యాహ్నం ఒక్కసారి, మూడు కాకముందే, నడుం వాల్చండి, వస్తే వచ్చింది లేకపోతే లేదు. నాలుగు దాటాక కునుకు వద్దు.

కాఫీ సంగతి. పొద్దున ఒకటి, పదకొండుకు ఇంకోటి, అక్కడితో ఆపేయండి. కెఫీన్ సగం తగ్గడానికే పెద్దవాళ్లకు సుమారు ఐదు గంటలు పడుతుంది, పాల ద్వారా కొంచెం బిడ్డకూ వెళ్తుంది, నెల లోపు బిడ్డ ఒంట్లోంచి అది పోవడానికి రోజులు పడుతుంది. సాయంత్రం అలవాటు మానలేకపోతే వేడి పాలో రాగి జావో తాగండి. రాత్రి ఆకలి వల్ల కూడా మెలకువ వస్తుంది, పాలిచ్చే ఒళ్లు కదా, మంచం పక్కన నీళ్ల సీసా, రెండు ఖర్జూరాలు, ఒక సున్నుండ పెట్టుకోండి.

ఇక ఇంటి గుమ్మం. కాలింగ్ బెల్ స్విచ్ ఆపేసి, "పసిబిడ్డ ఉంది, బెల్ కొట్టొద్దు" అని కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి అతికించండి, పాల ప్యాకెట్లకు బయట సంచి తగిలించండి. గేట్ దగ్గర్నుంచి వచ్చే విజిటర్ కాల్స్ అన్నీ మీ ఆయన నంబర్‌కు మార్చేయండి, ఇది చాలామందికి తట్టదు. చూడ్డానికి వచ్చే చుట్టాలకు, ఊరి నుంచి వచ్చే వీడియో కాల్స్‌కు ఒక టైమ్ పెట్టండి, ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయనో మీ అమ్మో చెప్పాలి.

ఇవి మాత్రం చేయకండి

బిడ్డ ఎక్కువసేపు పడుకోవాలని గసగసాల నీళ్లు, జాజికాయ అరగదీసి నాకించడం, వస పెట్టడం, ఇవి ఎవరు చెప్పినా వద్దు. గసగసాల్లో నల్లమందుకు సంబంధించిన పదార్థాలు ఉంటాయి, పసిబిడ్డకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మా అమ్మమ్మ మా అందరికీ పెట్టింది కదా అంటారు, అయినా సరే వద్దు.

మీరు కూడా మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, అలర్జీకి వాడే మత్తు మాత్రలు కూడా. అవి వేసుకుని బిడ్డ పక్కన పడుకోవడం చాలా ప్రమాదం. మాత్ర లేకపోయినా, తూలుతున్నంత నిద్రలో ఉన్నప్పుడు సోఫాలో గానీ రిక్లైనర్‌లో గానీ కూర్చుని పాలివ్వకండి, అక్కడ నిద్రపోతే బిడ్డ సందులో ఇరుక్కునే అవకాశం ఎక్కువ. బిడ్డకు మీ గదిలోనే వేరే గట్టి పక్క, వెల్లకిలా, మొహం దగ్గర దిండ్లు దుప్పట్లు లేకుండా. మీ నిద్ర ముక్కలో ఆ గది డ్యూటీలో ఉన్నవాళ్లది.

రక్తపరీక్ష అడగండి

ఇవన్నీ రెండు వారాలు చేసినా తేడా లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముఖ్యంగా రెండు విషయాలు చూడాలి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ వాస్తుంది, మొదటి నాలుగు నెలల్లో అది ఎక్కువగా పనిచేసి గుండెదడ, చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అందరూ దాన్ని టెన్షన్ అనుకుంటారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షతో తేలుతుంది. రెండోది ఐరన్. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండి కదపకుండా ఉండలేకపోతే, ఐరన్ తగ్గి ఉండొచ్చు, హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే మానేస్తారు. కాఫీ, టీలతో పాటు వేసుకుంటే అవి ఒంటికి పట్టవు.

మనసు సంగతి కూడా ఇంతే ముఖ్యం. మూడో రోజు నుంచి ఏడుపు రావడం, చిరాకు, ఇవి రెండు వారాల్లో తగ్గిపోతే పర్లేదు. తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర రాకపోవడంతో పాటు దేని మీదా ఇష్టం లేకపోవడం, పాప ఊపిరి తీస్తుందో లేదో అని పదేపదే లేచి చూడటం, "నేను మంచి తల్లిని కాను" అన్న ఆలోచన ఉంటే అది డిప్రెషనో యాంగ్జైటీనో కావచ్చు. కాన్పు తర్వాత డిప్రెషన్‌ను గుర్తించడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల పత్రం ఉంటుంది, 1987 నుంచి వాడుతున్నారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మీ గైనకాలజిస్ట్‌నే అడగండి. పాలిస్తూ వాడగలిగే మందులు ఉన్నాయి, సెర్ట్రలిన్ లాంటివి, డాక్టర్ చూసి ఇస్తారు. మందులు లేకుండా నిద్రలేమికి చేసే సీబీటీ-ఐ అనే పద్ధతీ ఉంది, సైకాలజిస్టులు కొన్ని సెషన్లలో నేర్పిస్తారు. అందులో మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించే భాగం ఒకటి ఉంటుంది, బాలింతలు దాన్ని చూసి సొంతంగా మొదలుపెట్టకండి.

ఈ విషయంలో మనం అదృష్టవంతులం, హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆస్పత్రి ఉంది. కాన్పు చుట్టూ వచ్చే మానసిక సమస్యలకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది, తల్లినీ బిడ్డనూ కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు దేశంలో మొదట 2009లో అక్కడే పెట్టారు. అంతదూరం వెళ్లే ఓపిక లేకపోతే 14416కి ఫోన్ చేయండి, ఇది టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోన్ లైను, ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక పరిస్థితిలో మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకూడదు, ఇది ఇంట్లోవాళ్లు చదవాలి. కాన్పైన మొదటి రెండు మూడు వారాల్లో ఆమె రాత్రంతా పడుకోకపోయినా అలసటే లేనట్టు తిరుగుతూ, గబగబా మాట్లాడుతూ, ఎవరో ఏదో చేస్తున్నారని అనుమానిస్తూ, లేని మాటలు వినపడుతున్నాయంటుంటే, లేదా తనకో బిడ్డకో హాని చేయాలని ఉందంటే, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. దీన్ని కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ అంటారు, వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ అనే మానసిక జబ్బు ఉంటే అవకాశం ఎక్కువ, సమయానికి వైద్యం చేస్తే నయమవుతుంది. గాలి సోకిందని, దిష్టి తగిలిందని రోజులు పోగొట్టకండి, తాయెత్తు కట్టాలనుకుంటే కట్టండి, కానీ కారు బయటికి తీశాక. అప్పటిదాకా ఆమెను బిడ్డతో ఒంటరిగా వదలొద్దు.

డాక్టర్‌తో ఏం చెప్పాలి

బిడ్డకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలుంటాయి. ఆ విజిట్లలో అందరూ బిడ్డనే చూస్తారు, మిమ్మల్ని ఎవరూ అడగరు, కాబట్టి మీరే అడగాలి. "నిద్ర సరిగ్గా లేదు" అంటే ఎవరైనా నవ్వి "మామూలే" అంటారు. అలా కాకుండా "బిడ్డ పడుకుని, ఇంకొకరు చూసుకుంటున్నా నాకు నిద్ర రావట్లేదు, వారంలో ఇన్ని రాత్రులు, ఇన్ని వారాల నుంచి" అని చెప్పండి. కాగితం మీద రాసుకెళ్లండి, అక్కడ కూర్చున్నాక సగం మర్చిపోతాం.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల సెలవు చట్టప్రకారం వస్తుంది. తిరిగి వెళ్లడానికి మూడు వారాల ముందు నుంచి పొద్దున లేచే టైమ్ ఆఫీసు రోజుల టైమ్‌కి తెచ్చుకోండి, సెలవైపోయింది కదా అని రాత్రి నిద్ర ముక్కను మాత్రం వదులుకోకండి, ఆయన డ్యూటీ అప్పుడే ఎక్కువ అవసరం. సరిగ్గా నిద్రపోని రోజు అవుటర్ రింగ్ రోడ్డు మీద స్కూటీ తీయొద్దు, క్యాబ్‌లోనో బస్సులోనో వెళ్లండి, లేదా ఇంటి నుంచే పని చేస్తానని ఒక మెసేజ్ పెట్టేయండి.